ప్రతులకు: రచయిత

మా వీధి చివరింటి వదినగారు ఒక ఆదివారం పొద్దున్నే గోంగూర పచ్చడి గిన్నె ఒక చేత్తో, కూతుర్ని ఇంకో చేత్తో పట్టుకుని వచ్చింది. పచ్చడి మా ఆవిడకి, కూతురు నాకు.

"ఇది కవితలు రాస్తోందిట అన్నయ్యగారూ. మీరు పుస్తకాలు వేసుకున్నవారు కదా, కాస్త దారి చెబుతారని తీసుకొచ్చా" అంది.

అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రెండు వారాలకోసారి తెనాలి వస్తుంది. ఫోనులో నూట పన్నెండు కవితలున్నాయిట. వాటితో పాటు ఒక కంపెనీవాళ్ళు పంపిన ధరల పట్టిక కూడా ఉంది. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు ప్యాకేజీలు. ప్లాటినం తీసుకుంటే పాతిక కాపీలు, ఆన్‌లైన్‌లో అమ్మకం, ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రం. "ఇది మంచిదేనా బాబాయ్‌గారూ? లేకపోతే మీకు తెలిసిన మంచి పబ్లిషర్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

నేను కళ్ళజోడు వెతుక్కుంటూ ఉంటే వదినగారు మధ్యలో అందుకుంది. "నాకు తెలీక అడుగుతున్నా. పబ్లిషరంటే ఆయన మనకి డబ్బులిస్తాడా, మనం ఆయనకివ్వాలా?"

నలభై ఏళ్ళుగా సభలకు తిరుగుతున్నాను. 'తెలుగు కవిత్వం - ప్రచురణ సమస్యలు' అన్న అంశం మీద ఒకసారి పత్రసమర్పణ కూడా చేసి భోజనం టోకెన్ తీసుకున్నాను. ఇంత సూటి ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా ఎవరూ అడగలేదు.

జవాబు చెప్పకుండా అల్మారా తెరిచి, చేతికందిన కవితా సంపుటాలు ఒక పాతిక తీసి మంచం మీద పరిచాను. "కవితలు తర్వాత చదువుదువుగాని, ముందు పేరున్న పేజీ తిప్పి దాని వెనక చూడు" అన్నాను అమ్మాయితో.

తెలుగు కవి గుట్టంతా ఆ పేజీలోనే ఉంటుంది. ప్రథమ ముద్రణ ఫలానా నెల. ప్రతులు 500. వెల ఇంత. ముఖచిత్రం ఫలానా, డీటీపీ ఫలానా. 'ప్రచురణ' అన్నచోట ఒక ఆడపేరు, కవిగారి ఇంటిపేరే ఆవిడకీ ఉంటుంది. కొన్నిటి మీద అమ్మ పేరుతో ప్రచురణలు, కొన్నిటి మీద పిల్లల పేర్లతో. నాకు తెలిసిన ఒకాయన ఇద్దరు కూతుళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి సంస్థకు పేరు పెట్టాడు. మూడో పుస్తకం నాటికి మనవడు పుట్టాడు, సంస్థ పేరు మారింది. ఇక అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో 'ప్రతులకు' అని ఉంటుంది. ఆ పక్కనే రచయిత ఇంటి నంబరు, వీధి, ఊరు. ఆ తర్వాతే విశాలాంధ్ర, నవోదయ పుస్తకాల కొట్లు.

పాతికలో కవిగానీ కవి ఇంట్లోవాళ్ళుగానీ కాకుండా బయటివాళ్ళు సొంత డబ్బు పెట్టి వేసినవి ఎన్నో లెక్కపెట్టమన్నాను. అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టి నాలుగు అంది. ఆ నాలుగింట్లో రెండు, కవి పోయాక వచ్చినవి.

ప్రచురణకర్తలు లేరని కాదు. విశాలాంధ్ర వేసింది, ఎమెస్కో వేసింది. ఛాయా, అన్వీక్షికి లాంటి కొత్త సంస్థలు కథల్నీ నవలల్నీ చక్కటి అట్టలతో తెస్తున్నాయి, అడపాదడపా కవిత్వమూ వేస్తున్నాయి. కానీ పుస్తకాల కొట్టువాడి లెక్క వాడిది. విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక కొట్టు యజమాని నా రెండో పుస్తకం ఓ పది కాపీలు తీసుకుంటూ, "కవిత్వం చదివేవాళ్ళంతా కవులేనండి. వాళ్ళు కొనరు, మార్చుకుంటారు" అన్నాడు. నొచ్చుకున్నాను గానీ ఇంటికొచ్చి అల్మారా చూసుకుంటే నేను డబ్బిచ్చి కొన్న కవితా సంపుటాలు ఓ అరలో సగం కూడా లేవు.

ఈ కరువు ఇవాళ్టిది కాదు. వేమన పద్యాలు పుస్తకంగా అచ్చయింది 1829లో, బ్రౌన్ పుణ్యాన. జనం నోళ్ళలో వందల ఏళ్ళుగా ఆడుతున్న కవికి కూడా అచ్చువేసేవాడు దొరకడానికి ఒక దొర ఓడెక్కి రావలసి వచ్చింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల చుట్టూ అవధానాలు చేస్తూ తిరిగారు. రాజుగారిచ్చే శాలువా, వార్షికం, ఏనుగు మీద ఊరేగింపు, ఇవే అప్పటి కవికి ఆదరువు. ఇప్పుడు సంస్థానాలు పోయి శాలువా ఒక్కటి మిగిలింది.

శ్రీశ్రీ సంగతే చూడండి. 'మహాప్రస్థానం'కి చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో, బందరు నళినీకుమార్ ప్రచురణగా. ముందుమాట పదేళ్ళ పాటు పుస్తకం కోసం ఎదురుచూసింది! అయితే ఆ పదేళ్ళూ కవితలు ఎదురుచూడలేదు. సభల్లో చదివినవి చెవులకెక్కి, పత్రికల్లో వచ్చినవి కుర్రాళ్ళ నోటుపుస్తకాల్లోకెక్కి, పుస్తకం బయటికొచ్చేసరికి సగం కంఠస్థం. తిలక్‌కు ఆ భాగ్యం కూడా పూర్తిగా దక్కలేదు. ఆయన 1966లో పోయాడు, 'అమృతం కురిసిన రాత్రి' 1968లో వచ్చింది, 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. దిగంబర కవులైతే ఈ తతంగం మొత్తాన్నీ తలకిందులు చేశారు. 1965లో తమ మొదటి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి పూట, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మంత్రిగారి టైము కోసం ఆవిష్కరణ సభ మూడుసార్లు వాయిదా వేసుకునే మా బోటివాళ్ళం ఆ రాత్రిని తలుచుకుని సిగ్గుపడాలి.

ఇదంతా విని అమ్మాయి, "అయితే మీ మొదటి పుస్తకానికి మీరేం చేశారు?" అంది. అప్పుడు బీరువా పైనుంచి మాస్టారి చిట్టా దించాను.

మాస్టారు మా హైస్కూల్లో తెలుగు పండితులు. 1971లో ఖండకావ్యం ఒకటి వేశారు, ప్రావిడెంట్ ఫండ్ లోను పెట్టి. లోను దరఖాస్తులో కారణం 'ఇంటి మరమ్మతు' అని రాశారు. నేను 2003లో నా మొదటి పుస్తకం వేద్దామని ఆయన దగ్గరికెళితే, ఏ ప్రెస్సు, ఎంత కాగితం, ఎవరితో ముందుమాట అని ఒక్కటీ అడగలేదు. లోపలికెళ్ళి కిరాణాకొట్లో ఉంటుందే, ఎర్రగుడ్డ బైండు పొడుగాటి చిట్టాపుస్తకం, అది తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"పందిరి వేసేవాడు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాడోయ్. పిలవడానికి చుట్టాలుండాలి. ఇవి చుట్టాలు" అన్నారు.

రెండు వందల పదహారు చిరునామాలు. శ్రీకాకుళం మొదలుకుని హోసూరు దాకా, బళ్ళారి, బరంపురం, ఖరగ్‌పూర్, బొంబాయి కూడా. అసలు చిరునామాలు నల్లసిరాతోనూ, వాటి కింద పిన్‌కోడ్లు పచ్చసిరాతోనూ ఉన్నాయి. ఎందుకో మొదట అర్థం కాలేదు. పిన్‌కోడు మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. మాస్టారి పుస్తకం అంతకు ముందే టపాలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక్కో ఊరి నంబరూ కనుక్కుని, ఓపిగ్గా కూర్చుని అన్నిటికీ ఎక్కించారన్నమాట.

ప్రతి పేరు పక్కనా మార్జిన్లో ఒక అక్షరం. 'జా' అంటే జాబు వచ్చింది. 'స' అంటే సమీక్ష రాశారు. 'పు' అంటే వాళ్ళ పుస్తకం మనకు పంపారు, మనం మాట్లాడాలి. 'మౌ' అంటే మౌనం. అన్నిటికన్నా ఎక్కువ 'మౌ'లే. పోయినవాళ్ళ పేరు మీద ఒక సన్నటి గీత, చిరునామా మీద మాత్రం గీత లేదు. అదేమని అడిగితే, "మనిషి పోతే ఇల్లు పోతుందా? ఇంట్లో ఎవరో ఉంటారుగా" అన్నారు.

ఆ చిట్టా చంకలో పెట్టుకుని విజయవాడ వెళ్ళాను. డెమ్మీ సైజు, తొంభై ఆరు పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు ఆరు. ఐదు వందల కాపీలకు పద్నాలుగు వేలయింది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్. డీటీపీ చేసే కుర్రాడు నా చేతిరాత చూసి రెండు నిట్టూర్పులు విడిచి పని మొదలుపెట్టాడు. మూడు ప్రూఫులు చూశాను. మూడోది మా ఆవిడ చేత కూడా చూపించాను. పుస్తకం చేతికొచ్చిన రోజు వాసన చూసుకుంటూ ఇంటికొచ్చి, రాత్రి నలభై మూడో పేజీ తెరిస్తే గుండె ఆగినంత పనయింది. నేను రాసింది 'నాన్న గొడుగు కింద నడిచినంత దూరం వాన లేదు' అని. అచ్చయింది 'నాన్న గొడవ కింద నడిచినంత దూరం వాన లేదు' అని.

ఐదు వందల కాపీల్లోనూ అదే గొడవ. స్లిప్పులు అంటిద్దామా అంటే మా ఆవిడ, "అంటిస్తే అందరూ అక్కడే చూస్తారు, ఊరుకోండి" అంది. ఊరుకున్నాను. రెండు నెలలకు ఒక పత్రికలో నా పుస్తకం మీద సమీక్ష వచ్చింది. పొగిడారు! ముఖ్యంగా ఆ వాక్యాన్ని పొగిడారు. తండ్రి కోపాన్నే బిడ్డకు నీడగా మార్చిన అపూర్వ పదచిత్రమట. ఆ సమీక్ష కత్తిరించి దాచుకున్నాను. ఇప్పటికీ దాన్ని చూస్తే ఆనందించాలో ఏడవాలో తెలీదు.

ఆ సమీక్ష వచ్చిన వారానికే ఖరగ్‌పూర్ నుంచి కార్డొచ్చింది. రైల్వేలో పనిచేసి రిటైరై, అక్కడి తెలుగువాళ్ళ మధ్యనే ఉండిపోయిన ఒక పెద్దాయన రాశాడు. ఆయన చిరునామా మాస్టారి చిట్టాలోది, పక్కన మూడు 'జా'లు. కార్డులో నాలుగు ముక్కలు. పుస్తకం అందింది, రెండుసార్లు చదివాను. నలభై మూడో పేజీలో అచ్చుతప్పు పడ్డట్టుంది. అది గొడుగు అయి ఉండాలి, అవునా? అని.

నా కవితను అచ్చువేసినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, అచ్చులో లేని మాటను కూడా చదవగలిగినవాడు ఆయనొక్కడే. ఆ రాత్రి చిట్టాలో ఆయన పేరు పక్కన నాలుగో 'జా' రాశాను.

అమ్మాయి ఈ కథ విని నవ్వింది. కానీ తనకు కావలసింది ఇది కాదని మొహం మీదే కనిపిస్తోంది. "పోటీలకు పంపితే పేరొస్తుంది కదా బాబాయ్‌గారూ?" అంది.

వస్తుంది. పోటీలకు లోటు లేదు. ఏజీ ఆఫీసు ఉద్యోగుల రంజని సంస్థ కుందుర్తి పేరుతో వచనకవితల పోటీ నడుపుతుంది. అమెరికాలో వంగూరి ఫౌండేషన్ ఉగాదికి రచనల పోటీ పెడుతుంది. అచ్చయిన పుస్తకాలకైతే కుందుర్తి ఆంజనేయులు మొదలుపెట్టిన ఫ్రీవర్స్ ఫ్రంట్ అవార్డు, అనంతపురంలో రాధేయ ఇచ్చే ఉమ్మడిశెట్టి అవార్డు ఉన్నాయి. ముప్పై అయిదు ఏళ్ళు దాటనివాళ్ళకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఉంది, యాభై వేలు, తామ్రఫలకం. అదే అకాడమీ 'నవోదయ' అనే వరుసలో ఆ ఈడువాళ్ళ తొలి పుస్తకాలు తనే వేస్తుంది. ఆ చివరిది కాగితం మీద రాసుకోమన్నాను. తెలుగులో కవిత్వానికి ఎదురు డబ్బు పెట్టకుండా పుస్తకం వచ్చే దారి ఇంత స్పష్టంగా కనబడేది అరుదు.

కానీ పోటీ అనేదాన్ని నేను బల్లకు అవతలి వైపు నుంచి కూడా చూశాను. ఒకసారి ఒక ఊళ్ళో సాహితీ సంస్థవాళ్ళు ఉగాదికి కవితల పోటీ పెట్టి, ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నన్నొకడిగా వేశారు. మూడు వందల పైచిలుకు కవితలు, పేర్లు తీసేసి నంబర్లు వేసి గోనెసంచిలో పంపారు. రెండు వారాలు మా ఇంట్లో కోయిలలు కూశాయి, వేపపూత రాలింది. వందకు దగ్గర దగ్గరగా అమ్మ మీద. తర్వాతి స్థానం రైతుది. ఆ గుట్టలో నూట అరవై ఏడో నంబరు కవిత ఒకటి. గ్యాస్ బండ అయిపోయిన రోజు ఇంట్లో ఎవరెవరు ఏం మాట్లాడారో అంతే. అందులో అమ్మ అన్న మాటే లేదు, అమ్మ తప్ప ఇంకెవరూ లేరు. నేను నూటికి తొంభై రెండు వేశాను. రెండో ఆయన ముప్పై వేశాడు, ఇది కవిత్వమే కాదని పక్కన రాశాడు కూడా. మూడో ఆవిడ అరవై.

ముగ్గురి మార్కులూ కూడి మూడుతో భాగిస్తే ప్రథమ బహుమతి ఎవరికి వచ్చిందో తెలుసా? మా ముగ్గురిలో ఏ ఒక్కరికీ మొదటి స్థానంలో లేని కవితకి. మాకందరికీ అది ఓ మోస్తరుగా నచ్చింది, ఎవరికీ దాని మీద కోపం రాలేదు. అంతే. అప్పటినుంచి బహుమతి కవితలు చదివినప్పుడల్లా నాకు బహుమతి రాని నూట అరవై ఏడులే గుర్తొస్తాయి. నాకు బహుమతి వచ్చినప్పుడు మాత్రం ఈ సిద్ధాంతం గుర్తు రాదు.

ఇంకో రకం పోటీలున్నాయి, వాటి జోలికి వెళ్ళొద్దన్నాను. వాట్సాప్ గుంపులో పొద్దున్నే ఒక అంశం ఇస్తారు, రాత్రికి కవిత పంపితే మర్నాటికి రంగురంగుల సర్టిఫికెట్ వస్తుంది. నెలకోసారి బిరుదు. నూరుమంది కవులతో సంకలనం, తలా వెయ్యి రూపాయలు, రెండు కాపీలు, రవీంద్రభారతిలోనో మరోచోటో సన్మానం, ప్రపంచ రికార్డు. మా బీరువాలో కింది అర నిండా శాలువాలే. మా ఆవిడ వాటిని చలికాలంలో పనమ్మాయికీ, వాచ్‌మన్‌కీ, పాలవాడికీ ఇస్తూ ఉంటుంది. మా వీధిలో తెల్లవారుజామున సైకిలు మీద పోయే వాళ్ళందరూ కవిసమ్మేళనం నుంచి వస్తున్నట్టే ఉంటారు.

వదినగారు రెండో కాఫీ తాగుతూ, "మరి ఆ ప్లాటినం సంగతి చెప్పండి" అంది. ఆవిడ అసలు పాయింటు వదిలే మనిషి కాదు.

పట్టిక తీసి ఒక్కొక్కటీ చదివించాను. 'ఐఎస్‌బీఎన్ రిజిస్ట్రేషన్' అని దానికో మూడు వేలు వేశారు. ఆ నంబరు మన దేశంలో ఉచితం. ఢిల్లీలో రాజా రామమోహన్ రాయ్ పేరుతో కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న ఏజెన్సీ ఇస్తుంది, సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకి కూడా ఇస్తుంది, ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. దాన్ని కొట్టేయమన్నాను. 'జాతీయ గ్రంథాలయంలో స్థానం' అని ఇంకో వరుస. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రచురణకర్త నెల రోజుల్లోగా కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరాతో సహా ఇంకో మూడు గ్రంథాలయాలకు తన ఖర్చుతో పంపాలి. అది మన బాధ్యతే, వాళ్ళు చేసే ఉపకారమేమీ కాదు. దాన్నీ కొట్టేసింది. నిజం చెప్పొద్దూ, నా మూడు పుస్తకాల్లో నేను పంపింది ఒక్కటే. మన కవుల్లో ఎక్కువమంది ఆ పని చేయరు. మా మాస్టారు చేశారు. ఆయన ఇంట్లో ఒక్క కాపీ కూడా మిగల్లేదు. కలకత్తాలో మాత్రం ఉండే ఉంటుందని నా నమ్మకం.

ఆర్థిక సహాయాల సంగతీ చెప్పాను. తెలుగు విశ్వవిద్యాలయం పుస్తక ముద్రణకు కొంత సాయం చేస్తూ వచ్చింది. ఒకప్పుడు పొట్టి శ్రీరాములు పేరు, ఇప్పుడు తెలంగాణలో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. మంచం మీది పాతికలో మూడు పుస్తకాల వెనక ఆ మాట కృతజ్ఞతతో అచ్చయి ఉంది. తిరుమల దేవస్థానం కూడా సాయం చేస్తుంది గాని అది భక్తి గ్రంథాలకు. "నీ కవితల్లో దేవుడున్నాడా?" అన్నాను. "ఒకదాంట్లో ఉన్నాడు, తిట్టాను" అంది. అది కుదరదన్నాను.

ఇక గ్రంథాలయాలు. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను పోతుంది. ఆ డబ్బుతో కవిత్వం కొంటే ప్రతి కవికీ రెండో ముద్రణ వచ్చేది. వదినగారు ఆ మాటకి ఉలిక్కిపడి, "మేమూ కడుతున్నామా?" అంది. కడుతున్నారు. అంటే కవిత్వానికి డబ్బు పెట్టే అసలు పబ్లిషర్లు మీరే వదినగారూ అన్నాను. ఆవిడ నమ్మలేదు.

అమ్మాయికి నేను చెప్పింది చివరికి చాలా చిన్న సంగతి. నూట పన్నెండులో నలభై ఉంచుకో, మిగతావి ఒక ఏడాది చూడకు. ఆ నలభైలోంచి ఒక్కొక్కటీ పత్రికలకు పంపు. ఆంధ్రజ్యోతి వాళ్ళ సోమవారం 'వివిధ' పేజీ ఉంది, 'పాలపిట్ట', 'సాహిత్య ప్రస్థానం', 'అరుణతార' ఉన్నాయి, ఆన్‌లైన్లో 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' ఉంది, 'సారంగ' ఉంది. మా రోజుల్లోలా కాగితానికి ఒకవైపే రాసి, తిరుగుటపాకు స్టాంపులు అంటించి, సొంత చిరునామా కవరు జతచేసి, ఆ కవరు మన చేతిరాతతోనే మన ఇంటికి తిరిగిరావడాన్ని పోస్ట్‌మాన్ ముందు మొహం మార్చకుండా అందుకునే అవస్థ మీకు లేదు. అయితే పత్రికలూ తగ్గాయి. 'భారతి' 1991లోనే పోయింది. 2020లో కరోనా పేరు చెప్పి 'నవ్య', 'ఆంధ్రభూమి' వారపత్రికలు ఆగిపోయాయి. అందుకని ఎవరూ జవాబు రాయకపోతే కవిత బాగాలేదని అనుకోకు, బాగుందనీ అనుకోకు. పుస్తకం వేస్తే ఐదు వందలు వద్దు, డిజిటల్ ముద్రణలో రెండు వందలు చాలు. పాతిక ప్లాటినం కాపీల డబ్బుతో అవి వచ్చేస్తాయి. ప్రూఫు నువ్వు చూడకు, కవిత్వమంటే ఇష్టంలేని మనిషి చేత చూపించు. ఇష్టమున్నవాళ్ళు తప్పుల్ని కూడా ఒప్పులుగా చదువుకుపోతారు.

"మరి ఆ రెండు వందలూ ఎవరికి?" అంది.

చిట్టా ఆమె వైపు జరిపాను. ఫోను తీసి పేజీ పేజీకీ ఫోటో కొట్టుకుంది. మార్జిన్లో అక్షరాలేమిటో మళ్ళీ అడిగి తెలుసుకుంది.

టపా ఖర్చు పెరిగిందని మాత్రం హెచ్చరించాను. తక్కువ ధరకి పుస్తకాలు వెళ్ళే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో తీసేశారు. మరుసటి ఏడాది రిజిస్టర్డ్ పోస్టునే స్పీడ్‌పోస్టులో కలిపేశారు. ఢిల్లీలో ఆ కాగితం మీద సంతకం పెట్టినాయనకు తెలియదు గాని, ఆ రోజు తెలుగు కవిత్వానికి ఉన్న ఏకైక పంపిణీ సంస్థ మూతపడింది.

నెలన్నర తర్వాత అమ్మాయి మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కతే. చిరునామాలన్నీ కంప్యూటర్లో పట్టికగా ఎక్కించిందట. మాస్టారివి, తర్వాత నేను చేర్చినవి కలిపి మూడు వందల నాలుగు. ఫోను నంబర్లు ఉన్నచోట ఫోను చేసింది, లేనిచోట తన స్నేహితులనో వాళ్ళ చుట్టాలనో ఆ వీధికి పంపించింది. ఈ పిల్లలకు ఎక్కడపడితే అక్కడ స్నేహితులుంటారు. డెబ్భై ఒక్క మంది దొరికారు. కొన్ని ఇళ్ళు అపార్ట్‌మెంట్లయ్యాయి. బరంపురంలో ఒకటి మొబైల్ కొట్టయింది.

"ఖరగ్‌పూర్?" అన్నాను.

ఫోను తీసి ఒక సందేశం చూపించింది. ఇంగ్లీషులో ఉంది, ఆమే తెలుగులో చెప్పింది. నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అమ్మకు వచ్చు. ఆవిడకి ఎనభై నాలుగు, కళ్ళు బాగానే ఉన్నాయి. పెద్ద అక్షరాల్లో వేస్తే పంపండి.

చిట్టా తీసి ఆయన పేరు మీద సన్నగా గీత గీశాను. చిరునామా మీద గీయలేదు.

"అక్షరాలు పెద్దవి వేయాలంటే పేజీలు పెరుగుతాయా బాబాయ్‌గారూ?" అని అడుగుతోంది. పెరుగుతాయన్నాను. ఒక ఫారం పెరుగుతుందేమో, లేదా ఐదారు కవితలు తగ్గించాలి. తగ్గిస్తానంది.

వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "నా పేరు కూడా అందులో రాసుకోండి. మీ తర్వాతి పుస్తకం నాకు పంపాలిగా" అంది.

"చెప్పు, చిరునామా" అని పెన్ను తీశాను.

"ఇప్పుడున్న రూము వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం. తర్వాత బెంగుళూరో, మరెక్కడో ఇంకా తెలీదు."

పేరు పెన్నుతో రాసి, దాని కింద మూడు వరసలు ఖాళీగా వదిలిపెట్టాను.